కంప్యూటర్ ముందు కళ్లు మండుతున్నాయి, ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 44. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేస్తున్నాను. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడున్నర దాకా కంప్యూటర్‌లో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మీదే పని. సీజన్‌లో ఇంకా ఆలస్యమవుతుంది. ఏడాదిగా మధ్యాహ్నం మూడు దాటితే చాలు కళ్లు మంట, నీళ్లు కారడం, నుదురు బరువు, మెడ నొప్పి. సాయంత్రం తలెత్తి దూరంగా చూస్తే కాసేపు అంతా మసక. రాత్రి బండి మీద ఇంటికి వెళ్తుంటే ఎదురొచ్చే లైట్లు చెదిరిపోయినట్టు కనిపిస్తున్నాయి. బజార్లో రెడీమేడ్‌గా దొరికే 1.50 పవర్ అద్దాలు కొని వాడుతున్నాను. మందుల షాపులో అడిగితే ఒక చుక్కల మందు ఇచ్చారు. వేసిన రోజు హాయిగా ఉంటుంది కదా అని ఆరేడు నెలలుగా అదే వాడుతున్నాను, దాని పేరు కింద రాశాను. కళ్లు దురదగా ఉన్నాయంటే మా అబ్బాయికి కూడా రెండు మూడుసార్లు వేశాం. నీలి కాంతిని అడ్డుకునే బ్లూకట్ అద్దాలు పెట్టుకుంటే అంతా సర్దుకుంటుందని అద్దాల షాపతను అంటున్నాడు. నాకు మూడేళ్లుగా షుగర్ ఉంది. చూపు పోతుందేమోనని మా ఆవిడ ఉద్యోగం మానేయమంటోంది. ఏం చేయమంటారు?

గుంటూరు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: ముందు మీ ఆవిడ గారి భయానికి జవాబు చెబుతాను. కంప్యూటర్ తెర చూసినందువల్ల చూపు పోదు. ఎన్ని గంటలు చూసినా దానివల్ల మీ రెటీనా (కంటి వెనుక పొర) గానీ, కంటి నరం గానీ పాడవ్వవు. మీరు పడుతున్న బాధ నిజమే. అయితే అది అలసట వల్ల, కళ్లు పొడిబారడం వల్ల వచ్చేది. కారణాలు సరిచేస్తే తగ్గుతుంది. ఉద్యోగం మానుకోనక్కర్లేదు.

మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది ఆ చుక్కల మందు. మీరు రాసిన పేరును బట్టి అందులో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంది. స్టెరాయిడ్ ఎరుపునీ మంటనీ అణిచేస్తుంది, అందుకే వేసిన రోజు మీకు హాయిగా అనిపిస్తోంది. మూలకారణం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది, మర్నాడు మంట మళ్లీ మొదలవుతుంది, మీరు మళ్లీ వేస్తారు. ఇలా నెలలు గడిచిపోతాయి.

ఈలోగా కంటి లోపల ఏం జరగవచ్చో చెబుతాను. కంటిలో ఎప్పుడూ కొంత నీరు ఊరుతూ, సన్నని దారుల గుండా బయటికి పోతూ ఉంటుంది. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వేస్తే సుమారు ముగ్గురిలో ఒకరికి ఆ దారి ఎంతో కొంత బిగుసుకుని కంటి ప్రెషర్ పెరుగుతుంది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండే ప్రెషర్ కొద్దిమందిలో 30 కూడా దాటుతుంది. షుగర్ ఉన్నవారికి ఈ ముప్పు మరి కాస్త ఎక్కువ. నొప్పి తెలియదు, ఎదురుగా ఉన్నవి చివరిదాకా బాగానే కనిపిస్తాయి. పక్క చూపు నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది. ఇదే నీటికాసుల జబ్బు, గ్లకోమా అంటారు. ఇందులో పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. స్టెరాయిడ్ వల్ల శుక్లం కూడా ముందుగా రావచ్చు. అది లెన్స్ వెనుక వైపున ఏర్పడుతుంది కాబట్టి రాత్రిపూట ఎదురొచ్చే లైట్లు చెదిరిపోతాయి. మీకు అదే వచ్చిందని నేను అనడం లేదు. లైట్లు చెదరడానికి పొడి కళ్లు, సరిచేయని సిలిండర్ పవర్ (నల్లగుడ్డు వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం వల్ల వచ్చేది) కూడా కారణం కావచ్చు. ఏది అన్నది కంటిని చూస్తేనే తెలుస్తుంది.

అందుకని ఈ వారమే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. సీజన్ అయ్యాక అని వాయిదా వేయవద్దు. మీరు వాడుతున్న సీసా వెంట తీసుకెళ్లి, ఎన్ని నెలలుగా, రోజుకు ఎన్నిసార్లు వేస్తున్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కొత్త సీసా మాత్రం కొనకండి. ఇన్నాళ్లు వాడాక ఒక్కసారిగా ఆపాలా, తగ్గించుకుంటూ రావాలా అన్నది కంటిని చూసిన డాక్టరే నిర్ణయించాలి. మీ అబ్బాయికి రెండు మూడుసార్లు వేసినందుకు భయపడాల్సింది లేదు, కానీ ఇక మీదట ఒక్క చుక్క కూడా వద్దు. పిల్లల కళ్లలో ప్రెషర్ పెద్దల కంటే త్వరగా పెరగవచ్చు. పైగా ఒకరి సీసా ఇంకొకరికి వాడితే ఇన్ఫెక్షన్ కూడా అంటుకుంటుంది. పిల్లవాడికి దురద తగ్గకపోతే అది అలర్జీ అయి ఉండవచ్చు, దానికి వేరే మందులున్నాయి.

స్టెరాయిడ్ చుక్కలు చెడ్డవి అని కాదు. కంటి లోపలి వాపుకీ, ఆపరేషన్ తర్వాతా అవి లేకుండా మాకు పని జరగదు. కానీ ప్రెషర్ చూసుకుంటూ, లెక్కపెట్టి ఇన్ని రోజులు అని వాడాల్సిన మందును చీటీ లేకుండా చేతిలో పెడుతున్నారు. కంటికి అలసట అని వచ్చి, పరీక్ష చేస్తే నరం సగం దెబ్బతిని ఉన్నవారిని చూసినప్పుడు నాకు చాలా బాధ వేస్తుంది. ఇది చదువుతున్న మిగతావారు కూడా దయచేసి ఇంట్లో ఉన్న చుక్కల సీసా మీద పేరు చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్.

ఇక కంప్యూటర్ సంగతి. మీ బాధలో పెద్ద భాగం ఆ రెడీమేడ్ అద్దాల దగ్గరే ఉందని నా అనుమానం. 40 దాటాక కంటి లోపలి లెన్స్ గట్టిపడి, దగ్గరి వస్తువుల మీదికి చూపు సర్దుకోవడం కష్టమవుతుంది. అదే చత్వారం. అందరికీ వస్తుంది, మీకూ వచ్చింది. అయితే బజార్లో దొరికే అద్దాలు పుస్తకం పట్టుకునే దూరానికి, అంటే 40 సెంటీమీటర్లకు అటూ ఇటూగా పనికొచ్చేవి. దూరపు చూపుకు పవర్ అక్కర్లేనివారు 1.50 అద్దాలు పెట్టుకుంటే సుమారు 67 సెంటీమీటర్లు, అంటే రెండడుగుల రెండంగుళాలు దాటినదంతా మసకే. కొట్టు బల్ల మీద ముందు కాటా చీటీలు, బిల్లు పుస్తకాలు పరుచుకుంటారు, ఆ తర్వాత కీబోర్డు, అన్నిటికీ వెనక ఎక్కడో తెర ఉంటుంది. ఆ తెర మీ అద్దాలకు అందే దూరంలో లేదు. అందుకే తెలియకుండానే మెడ ముందుకు చాచి చూస్తున్నారు. మీ మెడ నొప్పికి కారణం అక్కడే ఉండవచ్చు.

ఇంకో సంగతి, రెడీమేడ్ అద్దాలలో రెండు కళ్లకూ ఒకటే పవర్ ఉంటుంది. మన కళ్లు రెండూ అచ్చంగా ఒకేలా ఉండడం తక్కువ. సిలిండర్ పవర్ ఉంటే అవి దాన్ని అసలు సరిచేయవు. అర పాయింటు సిలిండర్ ఉన్నా రోడ్డు మీద నడిచేటప్పుడు తెలియదు గానీ, పది గంటలు అంకెలు చూసేవారికి మధ్యాహ్నానికల్లా నుదురు పట్టేస్తుంది. 3కీ 8కీ తేడా తేల్చుకోవడానికి కన్ను ప్రతిసారీ కష్టపడుతుంది. మీ పనిలో అంకె తప్పితే రైతు లెక్కే తప్పుతుంది కాబట్టి మీరు ఇంకా పట్టి చూస్తారు. సాయంత్రం తలెత్తగానే దూరం మసకగా ఉండడానికీ ఈ శ్రమే కారణం. రోజంతా దగ్గరికే బిగిసి ఉన్న కంటి లోపలి కండరం సడలడానికి కొన్ని నిమిషాలు పడుతుంది.

కాబట్టి పరీక్షకు వెళ్లే ముందు ఒక చిన్న పని చేయండి. కుర్చీలో మామూలుగా, మెడ చాచకుండా కూర్చుని, కంటి నుంచి తెర దాకా ఒక పురికొస పట్టి కొలవండి. కంటి నుంచి బిల్లు దాకా ఇంకొకటి. ఆ రెండు తాళ్లూ జేబులో వేసుకెళ్లి అద్దాలు రాసేవారికి చూపించండి. కంప్యూటర్ పని అని నోటితో చెబితే ఒక్కొక్కరు ఒక్కో దూరం ఊహించుకుంటారు, తాడు చూపిస్తే ఆ దూరానికే పవర్ కడతారు. పుస్తకానికి 1.50 అవసరమైనవారికి తెర దూరానికి తరచుగా అందులో సగం, మహా అయితే ఇంకాస్త సరిపోతుంది. ఈ వయసులో కంటికి ఇంకా కొంత శక్తి మిగిలే ఉంటుంది కాబట్టి అదే అద్దాలతో బిల్లు కూడా చదవగలరు. మీకు ముందుగా పనికి మాత్రమే వాడే ఒకే పవర్ అద్దాలు చేయించుకోమని చెబుతాను. దూరం నుంచి దగ్గర దాకా పవర్ మెల్లగా మారే ప్రోగ్రెసివ్ అద్దాలు ఖరీదు ఎక్కువ, వాటిలో తెరకు సరిపోయే భాగం సన్నగా మధ్యలో ఉంటుంది. పైన దూరానికి, కింద దగ్గరికి పవర్ ఉండే మామూలు బైఫోకల్ అయితే తెర చూడడానికి గడ్డం పైకెత్తాలి, మెడ నొప్పి పోయే బదులు పెరుగుతుంది.

షుగర్ గురించి ఒక మాట. షుగర్ బాగా ఎక్కువైనప్పుడు, లేదా మందు మార్చాక గబుక్కున తగ్గినప్పుడు కంటి పవర్ కూడా తాత్కాలికంగా మారుతుంది. ఆ వారంలో అద్దాలు రాయించుకుంటే నెల తిరిగేసరికి అవి పనికిరావు. షుగర్ నిలకడగా ఉన్నప్పుడే పవర్ చూపించుకోండి. కంటి ప్రెషర్ పరీక్షకు మాత్రం దానికోసం ఆగవద్దు.

రెండో కారణం, రెప్ప వేయకపోవడం. మామూలుగా మాట్లాడేటప్పుడు నిమిషానికి పదిహేను ఇరవై సార్లు రెప్ప వేస్తాం. తెర వైపు చూస్తూ కూర్చుంటే అది అయిదు, ఏడు సార్లకు పడిపోతుంది. వేసిన రెప్ప కూడా సగంలోనే ఆగి వెనక్కి పోతుంది. కన్నీటి పైన పాల మీద మీగడలా పల్చని నూనె పొర ఒకటి ఉంటుంది, నీరు ఆవిరి కాకుండా కాపాడేది అదే. రెప్ప పూర్తిగా మూసినప్పుడే రెప్ప అంచున ఉన్న గ్రంథుల నుంచి ఆ నూనె కంటి మీద పరుచుకుంటుంది. రెప్ప వేయకపోతే కంటి పైభాగం అక్కడక్కడ ఎండి మంట పుడుతుంది, ఆ మంటకు కన్ను ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే పొడి కళ్లు అంటారేమిటి అని చాలామంది నమ్మరు. ఆ కారే నీరు చెంప మీదికి జారిపోతుంది తప్ప కంటి మీద నిలవదు.

దీనికి మీ పనిలోనే ఒక వీలు ఉంది. ప్రతి బిల్లు సేవ్ చేశాకనో, ప్రింట్ ఇచ్చాకనో, కళ్లు మెల్లగా పూర్తిగా మూసి, రెండు సెకన్లు అలాగే ఉంచి తెరవండి. గట్టిగా బిగించవద్దు. మొదటి వారం గుర్తుండదు, కాబట్టి తెర అంచున ఒక చిన్న కాగితం అంటించండి. అప్పుడప్పుడూ తలుపు వైపు తిరిగి బయట పేర్చిన టిక్కీలను (మిర్చి బస్తాలను) చూడండి. ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల దూరం, ఇరవై సెకన్లు అని మేం చెబుతుంటాం. ఈ లెక్క జ్ఞాపకం ఉండడానికే, గడియారం పెట్టుకుని పాటించాలని కాదు. ముఖ్యమైనది ఏమిటంటే, ఆ విరామంలో ఫోన్ తీయకూడదు. తెర వదిలి ఇంకా దగ్గరగా ఉన్న చిన్న తెర చూస్తే కంటికి అది విశ్రాంతి కాదు. టీ తాగేటప్పుడు కూడా రీల్స్ చూసేవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు కూడా ఆ పని చేస్తుంటే అది ఒక్కటి మానేసి చూడండి.

మీ కొట్టులో మామూలు ఆఫీసుల్లో లేని ఇబ్బంది మిర్చి ఘాటు. గాలిలో ఉండే ఆ సన్నని దుమ్ము పొడిబారిన కంటిని ఇంకా రేపుతుంది. పక్కనుంచో ఎదురుగానో ఫ్యాన్ నేరుగా ముఖానికి కొడుతుంటే దుమ్మూ తగులుతుంది, కన్నీరూ ఆరిపోతుంది. ఫ్యాన్‌ను కాళ్ల వైపు తిప్పండి, లేదా మీ వీపు వెనకకు మార్చండి. కాయ ముట్టుకున్న చేతితో కన్ను నలపకండి. సబ్బుతో కడుక్కున్నాక కూడా నలపకపోవడమే మంచిది, గట్టిగా నలిపితే నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుంది. దుమ్ము పడితే శుభ్రమైన మంచినీళ్లతో కడగండి, అంతవరకు సరే. కానీ మంటగా ఉందని గంటకోసారి కుళాయి నీళ్లు కొట్టుకుంటే ఉన్న కాస్త నూనె పొర కూడా పోతుంది.

తెర విషయానికి వస్తే, అది కంటికి 50 నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో, పై అంచు కంటి మట్టానికి సమానంగా గానీ కాస్త కిందగా గానీ ఉండాలి. చూపు కిందికి వాలితే రెప్పలు కొంత మూసి ఉంటాయి, కన్ను తక్కువగా ఆరుతుంది. కొందరు తెర కింద పాత ఆవర్జాలు (లెక్కల పుస్తకాలు) పెట్టి ఎత్తు పెంచుతారు, అది తప్పు. అక్షరాల సైజు పెంచుకోవడానికి మొహమాటపడకండి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 125 శాతం పెడితే అక్షరాలు, అంకెలు పెద్దవవుతాయి. వెలుతురు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి తెర మీద తెల్ల పేజీ తెరిచి, పక్కన తెల్ల కాగితం పట్టుకోండి. తెర దీపంలా వెలుగుతుంటే బ్రైట్‌నెస్ తగ్గించాలి, బూడిద రంగులో కనిపిస్తే పెంచాలి. వీధి తలుపు మీ వీపు వైపు ఉంటే ఆ వెలుగు తెర మీద పడుతుంది, ఎదురుగా ఉంటే కళ్లలో పడుతుంది, పక్కగా ఉండేలా బల్ల తిప్పుకోండి. బిల్లులు బల్ల మీద పరచడం కంటే తెర పక్కనే, అదే దూరంలో ఒక చిన్న స్టాండుకు పెట్టుకుంటే రోజుకు వందలసార్లు చూపు దూరం మార్చుకునే శ్రమ తప్పుతుంది.

బ్లూకట్ అద్దాలు అక్కర్లేదు. 2023లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 17 పరిశోధనలను కలిపి పరిశీలించి, ఈ అద్దాల వల్ల కంప్యూటర్ అలసట తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదని చెప్పింది. తెర నుంచి వచ్చే నీలి కాంతి ఎండలో ఉన్నదానితో పోలిస్తే ఎంతో తక్కువ. రాత్రి పొద్దుపోయేదాకా తెర చూస్తే నిద్ర చెడుతుందన్న మాట నిజమే, దానికి పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టడమే మందు. ఆ డబ్బుతో సరైన పవర్ అద్దాలు చేయించుకోండి.

చుక్కల మందు అసలు వద్దా అంటే, కన్నీటి చుక్కలు వాడుకోవచ్చు. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అర శాతం చుక్కలు రోజుకు మూడు నాలుగు సార్లు వేసుకోవచ్చు, వీటిలో స్టెరాయిడ్ ఉండదు. అంతకన్నా ఎక్కువసార్లు అవసరమైతే ప్రిజర్వేటివ్ లేనివి అడగండి. చాలా సీసాలు తెరిచాక నెల రోజులే పనికొస్తాయి, దాని మీద ఏం రాసి ఉందో చూసుకోండి. ఎరుపు పోగొట్టి కళ్లు తెల్లగా చేస్తామనే చుక్కల జోలికి వెళ్లకండి. అవి రక్తనాళాలను బిగిస్తాయి, ఆపగానే ఎరుపు రెట్టింపుగా తిరిగొస్తుంది. ఇంటికి వెళ్లాక వేడి నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన బట్టను ఓ అయిదు పది నిమిషాలు మూసిన రెప్పల మీద ఉంచి, తర్వాత రెప్ప అంచులు సున్నితంగా తుడవండి. బట్ట ఒంటికి హాయిగా ఉండేంత వేడి చాలు. గడ్డకట్టిన నూనె కరిగి బయటికి వస్తుంది.

మన ఇళ్లలో పెద్దవాళ్లు మూసిన కళ్ల మీద నందివర్ధనం పూలు పెట్టించేవారు. పెట్టుకుంటే నష్టం లేదు, ఆ పది నిమిషాలు కళ్లు మూసుకుని ఉండడమే మంచిది. కానీ కంటి లోపల పన్నీరు, తేనె, ఆముదం, చనుబాలు వంటివేవీ వేయవద్దు. వాటిలో సూక్ష్మక్రిములు ఉంటే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది.

ఇవన్నీ చేశాక రెండు మూడు వారాల్లో తేడా కనిపించాలి. నెల దాటినా మంట అలాగే ఉంటే రెప్ప గ్రంథులు మూసుకుపోయాయేమో చూపించుకోండి. ఒకవేళ ఎప్పుడైనా చూపు హఠాత్తుగా తగ్గినా, కంటి ముందు మెరుపులు, నల్లచుక్కలు ఒక్కసారిగా ఎక్కువైనా, పరదా జారినట్టు ఒక పక్క కనిపించకపోయినా, కంటి నొప్పితో వాంతులు అయినా, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించినా అది కంప్యూటర్ అలసట అనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మీకు దగ్గరలోనే గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి జీజీహెచ్‌లో కంటి విభాగం ఉంది. విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ఎక్కడికి వెళ్లినా మూడు పరీక్షలు చేయమని అడగండి. కంటి ప్రెషర్, తెర దూరానికి పవర్, షుగర్ ఉన్నందువల్ల రెటీనా. రెటీనా పరీక్ష మీరు ఏటా చేయించుకోవాలి. ప్రెషర్ ఏ కంటికి ఎంత వచ్చిందో కాగితం మీద రాయించుకుని దాచుకోండి. మళ్లీ వెళ్లినప్పుడు పోల్చి చూడడానికి అది కావాలి. రెటీనా చూడడానికి కనుపాప పెద్దది చేసే చుక్కలు వేస్తారు, నాలుగైదు గంటలపాటు ఎండ భరించలేరు, దగ్గరివి కనిపించవు. ఆ రోజు బండి నడపకండి, మీ ఆవిడ గారిని తోడు తీసుకుని ఆటోలోనో బస్సులోనో వెళ్లండి. ఉద్యోగం గురించి ఆమెకున్న సందేహాలు కూడా డాక్టరు ఎదుటే అడగనివ్వండి.